విషయాలన్నీ తెలుసు, నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం తెలియట్లేదు

సర్జాపూర్_శీను — శుక్రవారం, రాత్రి 10:14

బెంగళూరు తెలుగువాళ్లందరికీ నమస్కారం. మాది సర్జాపూర్ రోడ్డులో 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎ, బి అని రెండు బ్లాకులు. కమిటీ సెక్రటరీని నేనే. ఎవరూ ముందుకు రాకపోతే నా మెడకి చుట్టుకుంది. జనవరి దాకా బోరు నీళ్లకి తోడు రోజుకి రెండు ట్యాంకర్లు తెప్పించేవాళ్లం, 12 వేల లీటర్లవి. ఇప్పుడు ఐదు. నెలకి లక్ష పైన అదనపు ఖర్చు.

నిన్న జనరల్ బాడీ పెట్టాం. మూడు గంటలు నడిచింది. వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఒక నిజం ఉంది. అద్దెకున్నవాళ్లు ఎక్కువయ్యారని ఓనర్లు అన్నారు, నిజమే. ఓనర్లు పైపు పెట్టి కార్లు కడుగుతున్నారని అద్దెకున్నవాళ్లు ఫోటోలు చూపించారు, అదీ నిజమే. ఫ్లాట్ల నీళ్ల మీటర్లు పెద్దగా పెరగలేదని ట్రెజరర్ చెప్పారు. ఎస్‌టీపీలోకి, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటులోకి, వచ్చే మురుగు ఎప్పట్లాగే ఉందని ఆపరేటర్ చెప్పాడు. కామన్ కరెంటు బిల్లు పెరిగిందని ఒకావిడ చదివి వినిపించారు. సంపు కడిగించి చూశాం, పగులు లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదండీ. పదకొండింటికి లేచేటప్పటికి మాత్రం తేలింది ఒక్కటే, మెయింటెనెన్స్ పెంచడం.

ఇన్ని తెలిసి కూడా ఎందుకు తేలలేదు? ఇలాంటి మీటింగులు మీరెలా నడుపుతారు?

ట్యాంకర్_బాధితుడు — శుక్రవారం, రాత్రి 10:31

దీనికి మీటింగు ఎందుకన్నా. ట్యాంకర్ వాడు ముప్పావు ట్యాంకే పోసి వెళ్తున్నాడు. మా దగ్గర రెండేళ్లు ఇదే కథ. గేటు దగ్గర ఒకణ్ణి నిలబెట్టండి, వారంలో దారికొస్తారు.

రాగిముద్ద_రాజీ — శుక్రవారం, రాత్రి 10:40

ఓనర్లు వర్సెస్ టెనెంట్లు. ప్రతి అపార్ట్‌మెంట్లో ఇదే సీరియల్. 2024 మార్చిలో తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించిన రోజుల్లో, మా దగ్గర నీళ్లు ఆదా చెయ్యడం కన్నా ఎదుటివాడి కారు ఫోటో తియ్యడం మీదే అందరికీ శ్రద్ధ. మా ఆయన కూడా తీశాడు, దాచేదేముంది.

కర్నూలు_కుర్రోడు — శుక్రవారం, రాత్రి 11:05

శీను గారూ, "పెద్దగా పెరగలేదు" అంటే ఎంత? జనవరితో ఫిబ్రవరిని పోల్చారా? ఫిబ్రవరికి 28 రోజులే. నెల మొత్తం కాకుండా రోజు లెక్క తియ్యండి.

సర్జాపూర్_శీను — శుక్రవారం, రాత్రి 11:22

ఇప్పుడే తీశా. అన్ని ఫ్లాట్లూ కలిపి జనవరిలో 15 లక్షల 50 వేల లీటర్లు, అంటే రోజుకి 50 వేలు. ఫిబ్రవరిలో 14 లక్షల 28 వేలు, రోజుకి 51 వేలు. పెరిగింది వెయ్యి. మేం అదనంగా కొంటున్నది రోజుకి 36 వేలు.

పంతులు_గారు — శనివారం, ఉదయం 5:50

నాయనా శీనూ, నీ పోస్టు చదివితే నాకు దేవదత్తుడు గుర్తొచ్చాడు. మన పాత తత్వవేత్తల్లో మీమాంసకులు ఎప్పటినుంచో చెప్పే ఉదాహరణ ఇది. దేవదత్తుడు పగలు తినడు. కానీ లావుగా ఉన్నాడు. రెండూ కళ్లారా చూసిన విషయాలే. విడివిడిగా ఉంచితే ఒకటి ఉపవాసం కబురు, ఇంకొకటి ఒంటి కబురు. పక్కపక్కన పెట్టావా, రాత్రిపూట తింటున్నాడని ఒప్పుకోక తప్పదు. దీన్నే అర్థాపత్తి అన్నారు. అది తెలుసుకోవడానికి వేరే ప్రమాణమేమీ కాదు, అనుమానంలో, అంటే గుర్తుల్ని బట్టి ఊహించి తేల్చడంలో, భాగమేనని తర్కశాస్త్రం వాళ్లు, నైయాయికులు, వాదించారు. ఆ తగాదా మనకెందుకులే.

మీ మీటింగులో ఒకాయన దేవదత్తుడు లావు అన్నాడు, ఇంకొకాయన పగలు తినడన్నాడు. ఇద్దరూ గొడవపడి ఇంటికెళ్లారు. రాత్రి వంటింట్లోకి తొంగిచూసినవాడు లేడు.

పద్మ_హెచ్ఎస్ఆర్ — శనివారం, ఉదయం 8:12

మాస్టారు చెప్పిందే మా ఆఫీసులో మేం వేరే పేరుతో చేస్తాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నా. రాత్రి రెండింటికి సైటు పడిపోతే ఇరవై మంది కాల్‌లోకి వస్తారు. ప్రతివాడూ తనకి తెలిసింది చెప్తాడు, కాకపోతే తన టీమ్ తప్పు లేదని చూపించడానికి చెప్తాడు. అలా ఎన్ని చెప్పినా పని జరగదు. మా మేనేజర్ ఒకావిడ ఉండేది, మంగళూరు ఆవిడ. ఎవరేం చెప్పినా "సరే, ఇది నిజమైతే ఇంకేం నిజం కావాలి? ఏది కుదరదు?" అని అడిగేది. అవి రెండూ రాసేదాకా తర్వాతి మనిషికి మైకు ఇచ్చేది కాదు. మొదట్లో చిరాకేసేది.

శీను గారూ, మీ విషయాలకి ఇదే చేసి చూడండి. ఫ్లాట్ల మీటర్లు కదల్లేదు. అంటే నీళ్లు మీటర్ల దాకా రావట్లేదు. ఇది నిజమైతే అద్దెకున్నవాళ్లు ఎంతమంది ఉన్నా, ఎన్ని బకెట్లు వాడినా ఈ 36 వేలకి సంబంధం లేదు. మీ మూడు గంటల్లో రెండు గంటలు ఈ గొడవే అయుంటుంది, అవునా?

సర్జాపూర్_శీను — శనివారం, ఉదయం 8:30

రెండున్నర.

కర్నూలు_కుర్రోడు — శనివారం, ఉదయం 9:02

ఎస్‌టీపీ లోడు పెరగలేదంటే ఆ నీళ్లు మురుగులోకీ పోవట్లేదు. ఇంట్లో వాడిన నీళ్లలో చాలా భాగం చివరికి అక్కడికే చేరాలి కదా. మీటర్ల మాటకి ఇది రెండో సాక్ష్యం. కారు కడిగిన నీళ్లు మురుగులోకి పోవు, నిజమే. కానీ రోజుకి 36 వేల లీటర్లతో కార్లు కడగాలంటే సర్జాపూర్ రోడ్డు ట్రాఫిక్ అంతా మీ గేటులోకి రావాలి.

ట్యాంకర్_బాధితుడు — శనివారం, ఉదయం 9:20

నేను చెప్పిందీ అదేగా. వాడకం పెరగలేదు, లీకు కనిపించలేదు. అంటే నీళ్లు అసలు రానే లేదు. ట్యాంకర్ వాడే.

పద్మ_హెచ్ఎస్ఆర్ — శనివారం, ఉదయం 9:41

తమ్ముడూ, ఇప్పటికి నీ మాట నిలబడుతుంది. కానీ కరెంటు బిల్లు సంగతేంటి? ట్యాంకర్ వాడు తక్కువ పోస్తే సంపులోకి తక్కువ వస్తుంది. పైకి ఎక్కేది ఫ్లాట్లు వాడినంతే కాబట్టి మోటారు ఎప్పట్లాగే తిరగాలి. బిల్లు ఎందుకు పెరిగింది?

ట్యాంకర్_బాధితుడు — శనివారం, ఉదయం 9:44

రేట్లు పెంచి ఉంటారు.

కర్నూలు_కుర్రోడు — శనివారం, ఉదయం 9:58

అడగాల్సిందే అడిగాడు. శీను గారూ, రూపాయలు కాదు, యూనిట్లు చూడండి. ఆ మీటరు మీద లిఫ్టులు, లైట్లు కూడా ఉంటాయి కాబట్టి యూనిట్లు ఒక్కటే చాలవు. సెక్యూరిటీ దగ్గర మోటారు పుస్తకం ఉందా? ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు అని రాసేది. ఉంటే రెండు బ్లాకులకీ విడివిడిగా కావాలి. బి పెరిగిందా, ఎ పెరిగిందా అని కాదు, పెరగనిది ఏదో కూడా తెలియాలి.

ఈ మాట ఊరికే అనట్లేదు. అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ గాల్లో ముక్కలైపోయిన కథ తెలుసు కదా, 1986 జనవరి 28. ముందు రోజు రాత్రి ఇంజనీర్లు, నాసా వాళ్లు ఫోన్ మీటింగులో కూర్చున్నారు. చలి ఎక్కువగా ఉందని అందరికీ తెలుసు. అంతకుముందు ప్రయాణాల్లో రాకెట్ అతుకుల దగ్గర సీలుగా ఉండే రబ్బరు రింగులు దెబ్బతిన్నాయనీ తెలుసు. వాదనంతా దెబ్బతిన్న ప్రయాణాల చుట్టూనే తిరిగింది. వెచ్చటి రోజు కూడా దెబ్బతిన్నది ఉంది కదా, మరి చలికి సంబంధమేముంది అన్నట్టు పోయింది. ఏమీ కాని ప్రయాణాల్ని కూడా కలిపి చూపించింది ప్రమాదం తర్వాత వేసిన రోజర్స్ కమిషన్. సుమారు 19 డిగ్రీల సెల్సియస్, ఆపైన వెళ్లిన 20 ప్రయాణాల్లో మూడింటికే దెబ్బ. సుమారు 17, అంతకంటే తక్కువలో వెళ్లినవి నాలుగు, నాలుగింటికీ దెబ్బే. ఆ అంకెలన్నీ ఆ రాత్రికి ఉన్నవే. ఏడుగురు పోయారు.

రాగిముద్ద_రాజీ — శనివారం, ఉదయం 10:15

పొద్దున్నే ఏడిపించావు కదయ్యా. నీళ్ల ట్యాంకు దగ్గర మొదలై ఎక్కడికెళ్లాం.

సర్జాపూర్_శీను — శనివారం, మధ్యాహ్నం 1:10

పుస్తకం దొరికింది. నూనె మరకలు, మధ్యలో రెండు పేజీలు చిరిగాయి, కానీ చదవచ్చు. ఎ బ్లాకు మోటారు జనవరిలో రోజుకి గంటా నలభై నిమిషాలు తిరిగేది, ఇప్పుడూ అంతే. బి బ్లాకుది జనవరిలో గంటా నలభై. ఇప్పుడు మూడుంబావు. మార్పు ఫిబ్రవరి రెండో వారం నుంచి. మోటారు గంటకి 15 వేల లీటర్లు ఎక్కిస్తుంది.

పద్మ_హెచ్ఎస్ఆర్ — శనివారం, మధ్యాహ్నం 1:25

చూశారా! నీళ్లు సంపులోంచి బయటికి వస్తున్నాయి, మోటారు ఎక్కి పైకే వెళ్తున్నాయి. సంపు లీకు కాదు. ఎ బ్లాకు కాదు. పోయేది బి మోటారుకీ బి ఫ్లాట్ల మీటర్లకీ మధ్య.

ట్యాంకర్_బాధితుడు — శనివారం, మధ్యాహ్నం 1:33

ఒక్క నిమిషం. అదనంగా గంటా ముప్పై అయిదు నిమిషాలంటే దాదాపు 24 వేల లీటర్లు. అది రెండు ట్యాంకర్లే. పెరిగింది మూడు. మూడోది ఎక్కడ?

కర్నూలు_కుర్రోడు — శనివారం, మధ్యాహ్నం 1:36

బి ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగుతోంది. రాసిస్తా. ఇంకేమీ కాదు.

సర్జాపూర్_శీను — శనివారం, మధ్యాహ్నం 1:50

అందరికీ ముందు వచ్చిన అనుమానం అదే తమ్ముడూ. టెర్రస్ మీదకి నేనే మూడుసార్లు వెళ్లా, ఒకసారి పొద్దున్న ఆరున్నరకి. చుక్క తడి లేదు. ఫిబ్రవరి మొదట్లో వాటర్‌ప్రూఫింగ్ చేయించాం, నేల అద్దంలా ఉంది, తడిస్తే తెలియకుండా ఉండదు. ఇంతకుముందు పొంగితే గోడ మీంచి కారేది, కింద ఫ్లాట్లవాళ్లు వెంటనే అరిచేవాళ్లు. ఇప్పుడు ఒక్క కంప్లయింటూ లేదు. అందుకే మీటింగులో ఆ మాట మొదట్లోనే కొట్టేశాం.

పంతులు_గారు — శనివారం, సాయంత్రం 4:05

కునుకు తీసి వచ్చేసరికి కథ బాగా ముదిరింది. శీనూ, ఇక్కడ కాస్త ఆగు. "కనిపించలేదు కాబట్టి లేదు" అనే మాటకి మనవాళ్లు ఒక షరతు పెట్టారు. గదిలో కుండ కనిపించలేదు కాబట్టి లేదు అనొచ్చు, దాన్ని అనుపలబ్ధి అంటారు. అయితే ఉండి ఉంటే కనిపించి తీరాల్సిన చోట కనిపించకపోవాలి. చీకటి గదిలో కుండ కనిపించలేదంటే దానికి విలువ లేదు. యోగ్యానుపలబ్ధి అని దాని పేరు.

ఇప్పుడు చెప్పు. ట్యాంకు పొంగితే నీళ్లు టెర్రస్ మీదే పడాలని ఏముంది? ఒకప్పుడు పడేవి, నిజమే. వాటర్‌ప్రూఫింగ్ తర్వాత కూడా అక్కడే పడతాయా?

కర్నూలు_కుర్రోడు — శనివారం, సాయంత్రం 4:30

మాస్టారూ, దండం. రెండో ప్రపంచ యుద్ధంలో అబ్రహాం వాల్డ్ అనే గణితవేత్త విమానాల లెక్క ఇలాంటిదే. తిరిగొచ్చిన విమానాల మీద బుల్లెట్ రంధ్రాలు లేని చోట్లే బలహీనమని తేల్చాడు. అక్కడ తగిలినవి తిరిగి రాలేదు, అందుకే కనిపించట్లేదు. ఆయన మన దగ్గరే పోయాడు తెలుసా, 1950 డిసెంబరులో, ఇండియాలో ఉపన్యాసాలకి వచ్చినప్పుడు నీలగిరి కొండల్లో విమానం కూలి. సంబంధం లేదు కానీ ఊటీ వెళ్లినప్పుడల్లా గుర్తొస్తుంది.

పద్మ_హెచ్ఎస్ఆర్ — శనివారం, సాయంత్రం 5:10

శీను గారూ, ఒక పని చెయ్యండి. మీటింగులో ఎవరేం అన్నారో అన్నీ రాయండి. పనికిరావనుకున్నవి, నవ్వొచ్చినవి కూడా. మీరు మొదట రాసినవి ఎవరో ఒకరి వాదనకి పనికొచ్చినవి. ఎవరి వాదనకీ పనికిరానిది ఎవరూ రెండోసారి ఎత్తరు.

1985లో స్టాసర్, టైటస్ అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక పదవికి ముగ్గురిలో మంచి అభ్యర్థిని ఎంచాలి. అందరికీ అన్ని వివరాలూ ఇచ్చినప్పుడు ఎక్కువ గ్రూపులు సరైనవాణ్ణి పట్టుకున్నాయి. అవే వివరాల్ని తలా కొంచెం పంచి ఇచ్చినప్పుడు చాలా గ్రూపులు తప్పాయి. కూర్చుని మాట్లాడుకున్నది ఎక్కువగా అందరికీ ముందే తెలిసిన వాటి గురించే. ఒక్కరికే తెలిసినవి వాళ్ల నోట్లోనే ఉండిపోయాయి.

రాగిముద్ద_రాజీ — శనివారం, సాయంత్రం 5:25

మా పెళ్లి చూపులు గుర్తొచ్చాయి. అందరికీ తెలిసిన జీతం గురించే గంట మాట్లాడారు, గురక సంగతి ఒక్క అత్తగారికే తెలుసు.

సర్జాపూర్_శీను — శనివారం, రాత్రి 9:15

నా నోట్సు తీశా. మిగిలినవి ఇవి. జిమ్‌లో ఫ్యాన్ పనిచెయ్యట్లేదు. విజిటర్ పార్కింగులో ఎవరిదో పాత స్కూటర్ ఏడాదిగా ఉంది. ఎ బ్లాకు లిఫ్టులో వాసన. జనరేటర్ గది వెనక దోమలు పెరిగాయి. బి బ్లాకు గ్రౌండ్ ఫ్లోర్ మామ్మగారు, ఒంగోలు ఆవిడ, "ఫాల్గుణ మాసంలో కప్పల కచేరీ ఏమిట్రా, నిద్ర పట్టి చావట్లేదు" అన్నారు. ఆవిడకి తెలుగు తప్ప రాదు. నేనే లేచి ఇంగ్లీషులో చెప్పా, అందరూ పడీపడీ నవ్వారు. వర్షాల మీద ఎవరో జోకు కూడా వేశారు. అంతే.

రాగిముద్ద_రాజీ — శనివారం, రాత్రి 9:21

ఆగండి ఆగండి. కప్పలా? మార్చిలోనా? మీ వైపు వాన పడి ఎన్నాళ్లయింది?

సర్జాపూర్_శీను — శనివారం, రాత్రి 9:24

సంక్రాంతి తర్వాత చుక్క పడలేదు.

రాగిముద్ద_రాజీ — శనివారం, రాత్రి 9:26

కప్ప ఉందంటే నీళ్లున్నాయి. రోజూ అరుస్తోందంటే రోజూ ఉన్నాయి. దోమలు కూడా అక్కడేగా! జనరేటర్ గది వెనక ఏముంది?

సర్జాపూర్_శీను — శనివారం, రాత్రి 9:31

ఇంకుడు గుంత.

టెర్రస్ మీద పడిన వాన నీళ్లు పైపులోంచి దిగి అందులోకే వస్తాయి. పైన సిమెంటు మూత, చిన్న చిన్న కన్నాలు. పొంగితే మిగతావి రోడ్డు కాల్వలోకి పోతాయి. అటువైపు జనరేటర్ మెకానిక్ తప్ప ఎవరూ వెళ్లరు.

పద్మ_హెచ్ఎస్ఆర్ — శనివారం, రాత్రి 9:40

కలరా నీళ్ల వల్ల వస్తుందని చూపించిన ఇంగ్లీషు డాక్టరు జాన్ స్నో కథలో, నాకు ఆయన గీసిన చావుల మ్యాపు కంటే నచ్చేది ఇలాంటివే. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా. వీధిలోని నీళ్ల పంపు చుట్టూ జనం చచ్చిపోతున్నారు. కానీ ఆ వీధిలోనే ఉన్న బీరు ఫ్యాక్టరీలో డెబ్బై మందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ చావలేదు. ఎందుకని వెళ్లి అడిగాడు. వాళ్లకి బీరు ఇస్తారు, లోపల సొంత బావి ఉంది, పంపు ముఖం చూడరు. ఇటు చూస్తే దూరంగా హ్యాంప్‌స్టెడ్‌లో ఒక ముసలావిడ కలరాతో పోయింది. ఆవిడకి ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమని రోజూ బండి మీద తెప్పించుకునేదట. అటు ఫ్యాక్టరీ, ఇటు ముసలావిడ, రెండూ ఎవరూ పట్టించుకోని విషయాలే.

మీ మామ్మగారికి నా నమస్కారం చెప్పండి.

సర్జాపూర్_శీను — ఆదివారం, తెల్లవారుజాము 5:12

నిద్ర పట్టలేదు. నాలుగింటికి సెక్యూరిటీ అబ్బాయి బి మోటారు వేశాడు. ఫుల్ అయితే దానంతట అదే ఆగుతుందని వేసి వదిలేస్తాడట, ఆరింటికి డ్యూటీ మారేటప్పుడు స్విచ్ తీసేస్తాడు. నేను టార్చి పట్టుకుని గుంత దగ్గర కూర్చున్నా. దోమలు పీక్కుతిన్నాయి. నాలుగూ ఇరవై రెండుకి పైపులో గరగరమని చప్పుడు. ఆ తర్వాత చెయ్యంత లావు ధార. వాన పడ్డట్టే ఉంది. మూత కన్నంలోంచి టార్చి వేస్తే మూడు కప్పలు నా వంక చూస్తున్నాయి.

మోటారు ఆపించి టెర్రస్ ఎక్కా. ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపుకి కొత్త ముక్క అతికించి వాన నీటి పైపులోకి కలిపారు. కొత్త నేల తడవకూడదని వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు చేసిన ఉపకారం. లోపల ఫ్లోట్ పక్కకి వాలి ఇరుక్కుపోయింది, ట్యాంకు నిండినా మోటారుకి తెలియట్లేదు.

పంతులు_గారు — ఆదివారం, ఉదయం 5:48

దేవదత్తుడు దొరికాడన్నమాట. తెల్లవారుజామున తింటున్నాడు.

కర్నూలు_కుర్రోడు — ఆదివారం, ఉదయం 9:30

ఫ్లోట్ ఇంతకుముందు ఎన్నిసార్లు ఇరుక్కుందో. అప్పుడు గోడ మీంచి కారితే ఎవరో ఒకరు అరిచేవాళ్లు, మీరు సరిచేసేవాళ్లు. నేల బాగుచేసి, ఆ అరుపు రాకుండా చేశారు.

రాగిముద్ద_రాజీ — ఆదివారం, ఉదయం 9:52

అరుపు రాకుండా ఎక్కడ చేశారు, కప్పలకి అప్పజెప్పారు.

సర్జాపూర్_శీను — ఆదివారం, ఉదయం 11:20

మామ్మగారి ఇంటికి వెళ్లి విషయం చెప్పా. "నే చెప్తే నవ్వారుగా" అన్నారు. ఏమనాలో తెలియలేదు. ఆవిడ మాటని జోకుగా మార్చి చెప్పింది నేనేనండీ. అక్కడ కన్నడం, హిందీ, తమిళం వాళ్లున్నారు, నేను చెప్పిందే వాళ్లకి చేరింది. సున్నుండలు పెట్టి పంపించారు.

సర్జాపూర్_శీను — తర్వాతి ఆదివారం, రాత్రి 8:05

అప్‌డేట్. ఫ్లోట్ మార్చాం, 650 అయింది. ఓవర్‌ఫ్లో పైపు విప్పి మళ్లీ టెర్రస్ మీదకే తిప్పాం, పొంగితే అందరికీ కనబడాలని. నేల పాడవుతుందని ఒకరిద్దరు గొణిగారు. బి మోటారు మళ్లీ గంటా నలభైకి దిగింది. కమిటీ గ్రూపులో ఒకటే చప్పట్లు.

ట్యాంకర్లు మూడు.

ట్యాంకర్_బాధితుడు — తర్వాతి ఆదివారం, రాత్రి 8:09

రెండు కదా ఉండాల్సింది. శనివారం మధ్యాహ్నం 1:33కి నేనేం రాశానో పైకెళ్లి ఒకసారి చదవండి. ఒక్కరైనా జవాబిచ్చారా?

పద్మ_హెచ్ఎస్ఆర్ — తర్వాతి ఆదివారం, రాత్రి 8:20

చదివా. నీ మాట మీద నుంచి దూకి వెళ్లిపోయాం. క్షమించు తమ్ముడూ.

కర్నూలు_కుర్రోడు — తర్వాతి ఆదివారం, రాత్రి 8:41

నేనూ. అయితే ట్యాంకర్ వాడే అని ఇప్పుడే తేల్చొద్దు. ఎండలు ముదిరాయి, బోరు తగ్గినా రోజుకి 12 వేలు లోటు వస్తుంది. ఈ రెండిట్లో ఏదో చెప్పే విషయం ఏదైనా ఉందా? బోరు లైను మీద మీటరు ఉందా శీను గారూ?

సర్జాపూర్_శీను — తర్వాతి ఆదివారం, రాత్రి 8:50

లేదు. పెట్టాలంటే నాలుగు వేలవుతుంది, జనరల్ బాడీలో పాస్ చేయించాలంటున్నారు.

రాగిముద్ద_రాజీ — తర్వాతి ఆదివారం, రాత్రి 8:52

ఇంకో మూడు గంటలా!

ట్యాంకర్_బాధితుడు — తర్వాతి ఆదివారం, రాత్రి 9:03

బోరు సంగతి తర్వాత. ట్యాంకర్ రాకముందు సంపులో కర్ర ముంచి గుర్తు పెట్టండి, పోశాక మళ్లీ ముంచండి. సంపు పొడవు, వెడల్పు తెలిస్తే లీటర్లు అవే వస్తాయి. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మొదటి ట్యాంకర్ ఎన్నింటికి?

సర్జాపూర్_శీను — తర్వాతి ఆదివారం, రాత్రి 9:10

ఆరున్నరకి. సంపు 6 మీటర్లు బై 4. నిండు ట్యాంకర్ పోస్తే నీళ్లు అర మీటరు పెరగాలి. టేపు, కర్ర సిద్ధంగా పెట్టా. ఆ టైములో రెండు మోటార్లూ, బోరూ ఆపి ఉంచమని సెక్యూరిటీకి ఇప్పుడే చెప్పొస్తా.